ఏరుపడినవాళ్ళు విడిపోలేదమ్మా

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ‘వియోగం’ కథను రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి చదివేటప్పటికి ఆ కోపంలో సగానికి పైగా నీకు చెందదని, అది నలభై ఏళ్ళు దాటిన ఒక పాత బాకీ అని తెలిసింది. మిగిలినది మాత్రం నీదే కనుక, ఈ ఉత్తరంలో అక్కడక్కడా కారం ఎక్కువైతే మంచినీళ్ళు తాగి ముందుకు చదువు. మనవరాలి వయసుదానివని నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

మూడో పేజీలో ముసలమ్మ అరుగు మీద కూర్చుని పొరుగావిడతో “మా పిల్లలు పోయిన సంక్రాంతికి ఏరుపడ్డారు” అంటుంది. ఆ ఒక్క మాటతో నాకు ఆ ఇల్లు, వసారాలో కొత్తగా లేచిన మట్టిగోడ, గోడకు అటొక పొయ్యి, ఇటొక పొయ్యి కనిపించాయి. కనిపించీ కనిపించకముందే నువ్వు ఆ మాట పక్కన కుండలీకరణాలు గీసి, లోపల ‘విడిపోయారు’ అని అర్థం రాశావు. ఎవరి కోసం రాశావమ్మా? తెలుగు చదవగలిగిన మనిషికి ఏరుపడటం తెలియదని నీకు ఎవరు చెప్పారు? పోనీ తెలియదనే అనుకుందాం, రాసిన అర్థమైనా సరిగ్గా ఉండాలి కదా. ఏరుపడినవాళ్ళు విడిపోలేదు.

1979లో నేనొక వారపత్రికకు కథ పంపాను. అందులో “నరసమ్మావాళ్ళు ఏరుపడ్డారు” అని ఒక వాక్యం ఉంది. నరసమ్మ, ఆమె మొగుడు, పిల్లలు అత్తగారి పొత్తులోంచి బయటికి వచ్చి వేరే పొయ్యి పెట్టుకున్నారని దాని అర్థం. సంపాదకుడు అది గ్రామ్యమని తేల్చి, నన్ను ఒక్క మాట అడగకుండా ‘విడిపోయారు’ అని దిద్దారు. కథ అచ్చయిన మూడో వారం ఒక పాఠకుడి కార్డు వచ్చింది. భర్తతో విడిపోయిన నరసమ్మ తరువాతి పేజీలో అదే భర్తకు అన్నం క్యారేజీ పట్టుకుని చేనికి ఎందుకు వెళుతోంది, రచయితకు తన కథ తనకే గుర్తులేదా అని అందులో అడిగాడు. ఆ కార్డు పట్టుకుని బస్సెక్కి సంపాదకుడి దగ్గరకు వెళ్ళాను. ఆయన చదివి, నవ్వి, “ఈ మాత్రం గందరగోళం ఉంటేనే కథకు లోతు” అన్నారు. ఆ కథకు వచ్చిన పారితోషికం రానూపోనూ బస్సు ఛార్జీలకు సరిపోయింది. ఇన్నేళ్ళ తరువాత అదే దిద్దుబాటును, ఏ సంపాదకుడూ అడగకుండానే, నీ కథకు నువ్వే చేసుకుని పంపావు. నా కోపం అదీ.

ఆ మాటకొస్తే ‘విడిపోయారు’ కూడా ఒకే అర్థంతో లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో 10వ సెక్షను కింద వేరుగా ఉండటానికి డిక్రీ పొందిన దంపతులు ఇంకా దంపతులే, వాళ్ళలో ఎవరూ మరో పెళ్ళి చేసుకోవడానికి లేదు. 13వ సెక్షను కింద విడాకులు పొందినవాళ్ళ సంగతి అది కాదు. ఊళ్ళో మాత్రం ఇద్దరినీ ‘విడిపోయారు’ అనే అంటారు. నీ ముసలమ్మ కొడుకులు ఆ రెండు గదుల్లో దేనిలోనూ పట్టరు.

‘వేరు’ అనే మాటను గురించి కొంచెం చెప్పాలి. చెట్టుకుండే వేరును, విడి అనే అర్థంలోని వేరును ఇప్పుడు ఒకే విధంగా రాస్తున్నాం గాని, పాత పుస్తకాల్లో ఇవి రెండు మాటలు. చెట్టు వేరుకు మామూలు రేఫ ఉంటుంది, విడిగా అనే వేఱుకు శకటరేఫ, అంటే మనం బండి ఱ అని పిలిచే అక్షరం ఉంటుంది. తమిళులు ఇప్పటికీ ఆ రెండింటినీ రెండు రకాలుగానే రాసుకుంటున్నారు. మన బళ్ళలోంచి బండి ఱ వెళ్ళిపోయాక, వేర్పాటును చెప్పే మాట తన పొరుగు మాటతో ఏకమైపోయింది. ఈ తమాషాను నేను నా కథల్లో ఒకటికి నాలుగుసార్లు వాడుకున్నాను, నువ్వు వాడకు.

ఇంతకూ నీ కథలో అన్నదమ్ములు ఏ రోజున వేరుపడ్డారు? సంక్రాంతికి అన్నావు. ఆ జవాబు అడిగిన మనిషిని బట్టి మారుతుంది. ఇంట్లో ఆడవాళ్ళను అడిగితే, రెండో పొయ్యి వెలిగిన పూట అంటారు. వేరు కుంపటి అన్న మాట అక్కడ పుట్టినదే, రాజకీయ పార్టీ చీలినప్పుడు పత్రికలవాళ్ళు తెచ్చి పెట్టేదీ ఆ కుంపటినే. వకీలు మరోలా చెబుతాడు. మితాక్షర అనే హిందూ ధర్మశాస్త్ర సంప్రదాయంలో ఉమ్మడి కుటుంబపు భాగస్తుడు తాను వేరుగా ఉండదలచినట్టు మిగిలినవారికి స్పష్టంగా తెలియజేస్తే చాలు, ఒక్క సెంటు నేల పంచకుండానే అతను విభక్తుడు, అంటే వేరుపడినవాడు, అవుతాడు. హద్దులు వేసి పంచుకోవడం ఆ తరువాతి పని, అది ఏళ్ళ తరబడి సాగినా సాగుతుంది. రెవెన్యూవాళ్ళకైతే ఖాతాలో రెండు పేర్లు పడిన రోజే పంపకం. అంటే అదే అన్నదమ్ములు నోటిమాటగా ఒక ఉగాదికి, పొయ్యి దగ్గర మరో సంక్రాంతికి, కాగితం మీద ఇంకో పదేళ్ళకు వేరుపడతారు. నీ కథ ఉన్నది ఆ ఉగాదికీ ఆ కాగితానికీ నడుమ. నువ్వు దాన్ని “ఆ కుటుంబం వియోగాగ్నిలో దగ్ధమైంది” అని ఒక వాక్యంతో దాటేశావు.

నీ కథలోని ఆ అన్నదమ్ముల చెల్లెలి సంగతి కూడా ఇక్కడే అడుగుతాను. ఆమె పెళ్ళి 1988లో జరిగిందని, పంపకాలు 1992లో జరిగాయని నువ్వే రాశావు. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులో ఉంది. ఆ తేదీకి పెళ్ళికాని ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే భాగం వస్తుంది. మొత్తం దేశానికి ఆ హక్కు 2005లో గాని రాలేదు. నీ కథలో ఆ పిల్ల కొంగుతో కళ్ళు తుడుచుకుని పుట్టింటి గడప దాటుతుంది. దాటే ముందు ఆమె చేత ఎవరో ఒకరు సంతకం పెట్టించుకునే ఉంటారు. ఆ సంతకం కథలో ఎక్కడుంది? కన్నీళ్ళు తుడుచుకున్న చెయ్యి కన్నా ఆ సంతకం పెట్టిన చెయ్యి నాకు ఎక్కువ కావాలి.

ఇక నీ ‘వియోగం’. శీర్షికను మినహాయించి పద్నాలుగుసార్లు వాడావు, ఎర్ర పెన్సిలుతో లెక్కపెట్టాను. ఈ మాట ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో తెలుసుకోకుండా ఇంట్లోకి రానిచ్చావు. పత్రికల్లో పితృవియోగం, భర్తృవియోగం అంటే మరణవార్త. అందువల్ల నీ శీర్షిక చూసిన పాఠకుడు మొదటి పేజీ నుంచే శవం కోసం వెతుకుతాడు. పాత గణిత గ్రంథాలలో వియోగమంటే తీసివేత. భగవద్గీత ఆరో అధ్యాయంలో దుఃఖంతో ఉన్న సంయోగం వదిలిపోవడమే వియోగం, దానికే యోగమని పేరు, అంటే అక్కడ అది కోరుకోవలసిన సంగతి. అలంకారశాస్త్రంలోకి వస్తే అది నాయికానాయకులది, దానికీ షరతు ఉంది: మళ్ళీ కలుస్తామన్న ఆశ ఉన్నంత వరకే విప్రలంభ శృంగారం, అంటే ఎడబాటులోని ప్రేమ, ఆశ తెగిపోతే కరుణం, అంటే శోకం. నాట్యశాస్త్రం రాసిన భరతుడు మొదటిదాన్ని సాపేక్షమని (ఆశ ఉన్నదని), రెండోదాన్ని నిరపేక్షమని (ఆశ లేనిదని) విడదీసి మరీ చెప్పాడు. ఎకరంన్నర మాగాణి కోసం గోడ కట్టుకున్న అన్నదమ్ములను ఇందులో ఏ వియోగంలో కూర్చోబెడతావు?

ఇప్పుడు నేను నలభై ఏళ్ళుగా ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పి విసిగించే సంగతికి వస్తాను. తర్కసంగ్రహం అనే తర్కశాస్త్ర గ్రంథం రాసిన అన్నంభట్టు మనవాడు. కాశీకి వెళ్ళినంత మాత్రాన అందరూ అన్నంభట్టులు కారని పండితుల్లో ఒక నానుడి. ఆయన 24 గుణాలను చెబుతూ పృథక్త్వాన్ని, విభాగాన్ని వేరువేరుగా లెక్కపెట్టాడు. కుండ, బట్ట ఎన్నడూ ఒకదాన్నొకటి తాకకపోయినా వేరువేరే, అది పృథక్త్వం. విభాగం అలా రాదు. ‘సంయోగనాశకో గుణో విభాగః’ అన్నాడు, అంటే ఉన్న కలయికను చెరిపేది మాత్రమే విభాగం. ముందు కలయిక లేకపోతే చెరపడానికి ఏమీ ఉండదు. నీ కథ మొదటి వాక్యానికే అన్నదమ్ములు గోడకు అటూ ఇటూ ఉన్నారు. వాళ్ళు ఒక్క పూటయినా ఒకే పీటల వరుసలో కూర్చుని తిన్నట్టు, ఒకే ఎద్దును చెరో పక్కా పట్టుకుని కడిగినట్టు, ఒకే చొక్కాను వంతులవారీగా తొడుక్కున్నట్టు నువ్వు చూపించలేదు. నువ్వు రాసినది కుండా బట్టల కథ, పెట్టిన పేరు వియోగం.

మా నాన్న, పెదనాన్న వేరుపడిన నాటికి నాకు ఎనిమిదేళ్ళు. ముగ్గురు పెద్దమనుషులు మా పెరట్లో మంచాలు వాల్చుకుని కూర్చున్నారు. బిందెలు, గుండిగలు, గంగాళం వాటి మీద కొట్టించిన పేర్లను బట్టి ఎటువి అటు సర్దేశారు. ఎద్దుల దగ్గర కూడా పేచీ రాలేదు. రుబ్బురోలు దగ్గర వచ్చింది. అది నేలలో పాతి ఉంది, పాతిన చోటు పెదనాన్న వాటాలోకి వెళ్ళింది. పాత పొత్రం పగిలిపోతే పుట్టింటి నుంచి బండిలో వేయించుకుని తెచ్చింది తానేనని మా అమ్మ పట్టుబట్టింది. చివరికి రోలు వాళ్ళకు, పొత్రం మాకు అని తీర్పు చెప్పి, పెద్దమనుషులు మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. పొత్రం రోటిలోనే ఉండేది, ఇద్దరూ రుబ్బుకునేవారు. ఒకనాడు కోళ్ళ దగ్గర మాటా మాటా పెరిగి, అమ్మ నన్నూ మా అన్ననూ పంపి పొత్రాన్ని మా పెరట్లోకి దొర్లించి తెప్పించింది. పదకొండు రోజులు రెండిళ్ళలోనూ అట్టు లేదు, గారె లేదు. ఖాళీ రోటి గుంటలో వాననీళ్ళు నిలిస్తే కాకి వచ్చి తాగిపోయేది. పన్నెండో రోజు తెల్లవారకముందే పెద్దమ్మ మా గుమ్మంలో నిలబడి, అమ్మ వైపు చూడకుండా, “పప్పు నానబోశాను, పాచిపోతుంది” అంది. అమ్మ కూడా ఆవిడ వైపు చూడకుండానే వచ్చి నన్ను లేపింది. నేనూ పెద్దమ్మ కొడుకూ కళ్ళు నులుముకుంటూ పొత్రాన్ని వెనక్కి దొర్లించాం.

ఇది రాస్తుంటే యతి గుర్తుకు వస్తోంది. సంస్కృత ఛందస్సులో యతి అంటే విచ్ఛేదం, పాదం నడుమ పదం తెగే చోటు. ఛందశ్శాస్త్రం రాసిన పింగళుడు ‘యతిర్విచ్ఛేదః’ అని సూత్రం చెప్పాడు. ఆ మాట మన దగ్గరికి వచ్చాక, ఆ చోట పడిన అక్షరం పాదం మొదటి అక్షరంతో మైత్రి చేయాలన్నారు, అంటే ధ్వనిలో జత కుదరాలన్నారు, ఛందస్సు సూత్రాలు రాసిన మన లాక్షణికులు. పదం అక్కడ తెగిందా లేదా అని పట్టించుకోవడం మానేశారు. తెగే చోటికి పెట్టిన పేరుతోనే మనం స్నేహాన్ని పిలుస్తున్నాం. మా పెరటి రోలుకు నేను పెట్టుకున్న పేరు యతిస్థానం.

నీ కథలో ఒక్క వాక్యం ఉంది. “నెల మారిన పొద్దున ఆమె తన కంచం తానే కడుక్కుని, పైట కింద పెట్టుకుని వీధి దాటేది.” అలాంటి వాక్యం నా మొదటి పాతిక కథల్లో లేదు. తల్లిని నెలకొకరు చొప్పున వంతులు వేసుకున్న కొడుకులను గురించి చాలా కథలు వచ్చాయి గాని, కంచం పైట కిందికి చేరిన కథ నేను చదవలేదు. దాని వెంటనే “అది ఆమె జీవితంలో వియోగపర్వం” అని రాయకుండా ఉంటే ఈ ఉత్తరం ఇంత పొడుగు అయ్యేది కాదు.

ఆ వాక్యాన్ని వ్యాకరణం దగ్గరికి తీసుకువెళ్ళు. ‘ధ్రువమపాయేఽపాదానమ్’ అని పాణిని సూత్రం. ఒకటి మరొకదాని నుంచి తొలగిపోతున్నప్పుడు ఏది నిలిచి ఉంటుందో అది అపాదానం. చిన్నప్పుడు బడిలో వలన, కంటె, పట్టి అని వల్లించిన పంచమీ విభక్తి పడేది దానికే. పరుగెత్తే గుర్రం మీంచి పడ్డాడు అంటే గుర్రం నిలబడి లేదు కదా అని అడిగితే, ఆ పడటం వరకు గుర్రమే ధ్రువమని వ్యాఖ్యాతలు జవాబు చెప్పారు. రెండు పొట్టేళ్ళు ఢీకొని ఒకదాని నుంచి ఒకటి వెనక్కి తగ్గితే, ఒక్కోదాని కదలికకు రెండోది ధ్రువం. నీ అన్నదమ్ములు ఆ పొట్టేళ్ళు. మీ ముసలమ్మ ఆ గుర్రం. కొడుకులిద్దరూ ఉన్నచోటే ఉన్నారు, నెలనెలా వీధి దాటుతున్నది ఆమె, అయినా ధ్రువం ఆమే. కథను ఎవరి వైపు నుంచి చెప్పాలని నువ్వు అడిగిన ప్రశ్నకు ఇంతకన్నా నా దగ్గర జవాబు లేదు.

నిలబడిన చోటును బట్టి మాట మారడం చూడాలంటే ఇంటి దాకా కూడా రానక్కరలేదు. 2014 జూన్ 2ను తెలంగాణలో అవతరణ దినమని పండుగ చేసుకుంటారు, ఆంధ్రలో దాన్ని రాష్ట్ర విభజన అంటారు. 1969లో ఉద్యమించినవాళ్ళు తాము అడుగుతున్నది ప్రత్యేక తెలంగాణ అన్నారు, కిట్టనివాళ్ళు అదే కోరికను వేర్పాటువాదమన్నారు. 1972లో జై ఆంధ్ర అన్నప్పుడు ఆ వేలు ఇటు తిరిగింది. ఢిల్లీలో చేసిన చట్టానికి మాత్రం పునర్వ్యవస్థీకరణ అని పేరు. ఒకే సంగతికి అయిదు మాటలున్నాయి, ఒకదాని చోట మరొకటి పెట్టి చూడు, ఎవరో ఒకరు కొట్టడానికి వస్తారు. ఇంత తెలిసిన జాతికి కుండలీకరణాల్లో అర్థం చెప్పబోయావు.

ఈ కుండలీకరణాల జబ్బు నీ ఒక్కదానిది కాదని నాకు తెలుసు. రేపు ఇంకో భాషలోకి వెళ్ళేటప్పుడు అడ్డం తగలని తెలుగు రాయాలని ఈ మధ్య సభల్లో సలహాలు ఇస్తున్నారు. ఆ సలహా విన్నవాళ్ళ కథల్లో రైతు కూడా వియోగమే అంటాడు. వాడి ఇంట్లో వేరుచేసే పనులు ఎన్ని ఉన్నాయో, ఒక్కో పనికి ఒక్కో మాట ఉంది: రాళ్ళు ఏరతారు, నూకలు చెరుగుతారు, బియ్యం గాలిస్తారు, గంజి వారుస్తారు, చిక్కుడు గింజలు ఒలుస్తారు. నా మొదటి సంపుటిని ఒక విమర్శకుడు తూర్పారబట్టాడని మిత్రులు పరామర్శకు వచ్చారు. కళ్ళంలో ఆ పని చూసినవాణ్ణి కనుక నాకు బాధ కలగలేదు. చేట ఎత్తి గాలివాటున పోస్తే గట్టి గింజ కాళ్ళ దగ్గరే పడుతుంది, తాలు దూరంగా పడుతుంది, పొట్టు ఇంకా దూరం ఎగిరిపోతుంది. ఆ విమర్శకుడు గాలి లేని రోజున చేట ఎత్తాడు. గింజా తాలూ కలిసి ఆయన కాళ్ళ మీదే పడ్డాయి.

మీ ముసలమ్మ చివరి పేజీలో “వియోగభారం నుంచి కోలుకుంది” అన్నావు. ఆమె తేరుకుంటుందమ్మా. కొత్తనీటి బిందెలో చిల్లగింజ అరగదీస్తే కాసేపటికి మట్టి అడుగుకు దిగి, పైన తేట నిలుస్తుంది. నీళ్ళు తేరాయంటాం. మనిషి తేరుకోవడం అదే మాట, తేటతెలుగులోని తేట అదే. అడుగున మట్టి అలాగే ఉంటుంది, బిందె కదిపితే మళ్ళీ లేస్తుంది. కోలుకోవడంలో ఆ మట్టి లేదు. మనుస్మృతి ఆరో అధ్యాయంలో ఈ గింజ మీద ఒక శ్లోకం ఉంది. నీటిని తేర్చే గుణం దానికి ఉన్నా, దాని పేరు పలికినంత మాత్రాన నీళ్ళు తేరవని దాని భావం. సన్న్యాసులను ఉద్దేశించి చెప్పినది గాని, పద్నాలుగుసార్లు వియోగమన్నవాళ్ళకు కూడా వర్తిస్తుందని నా పాఠం.

ఏ పత్రికకు పంపాలని, ఎన్ని కథలయ్యాక సంపుటి వేయాలని కూడా అడిగావు. ముందు కథ తిరగరాయి. శీర్షిక తీసెయ్యి, కుండలీకరణాలు కొట్టెయ్యి, ముసలమ్మ నోటి మాటను ముసలమ్మకే వదిలెయ్యి. గోడ లేవక ముందటి ఒక పూటను వెతికి తెచ్చి మొదట్లో పెట్టు.

ఇంకొకటి అడగాలి. మా ఇంటి పంపకాల్లో సామాను మీది పేర్లు చూసి వాటాలు వేశారని చెప్పాను కదా. మీ ముసలమ్మ పైట కింద పెట్టుకుని వెళ్ళే ఆ కంచం మీద ఎవరి పేరు కొట్టించి ఉంది? తిరగరాసేటప్పుడు చూసి, నాకు ఒక కార్డు ముక్క రాయి.